నిన్నటి ఎండతో పొద్దున్నే ఉడుకునీళ్ళు

నాలుగేళ్ళ కిందట కార్తీకమాసంలో మా ఇంటి గీజరు మూడోసారి చెడిపోయింది. ఎలక్ట్రీషియన్ అబ్బాయి వచ్చి దాన్ని గోడ మీంచి దించి, అడుగున బోల్టులు విప్పి, లోపలి కాయిల్ బయటికి లాగాడు. కాయిల్ కనపడలేదు. దాని చుట్టూ జొన్న కంకంత లావున తెల్లటి రాయి పట్టుకొని ఉంది. ట్యాంకు బోర్లిస్తే రెండు దోసిళ్ళ పెచ్చులు రాలాయి. "అక్కా, మీ బోరు నీళ్ళకు ఏ గీజరూ నిలవదు. కాయిల్ వేసిస్తా, ఇంకో ఏడాది చూసుకోండి" అన్నాడు.

ఆ పెచ్చుల్లో ఒకటి బడికి తీసుకెళ్ళాను. నేను హైస్కూల్లో సైన్సు చెప్తాను. పదో తరగతి పిల్లల ముందు దాని మీద నిమ్మకాయ పిండితే బుసబుసా పొంగింది. తాడిపత్రిలో, కడప చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు తవ్వుకునే సున్నపురాయి, మా గీజరులో పేరుకున్న రాయి, రసాయనం లెక్కన రెండూ ఒకటే, కాల్షియం కార్బొనేట్. బోరు నీళ్ళలో కరిగి కనపడకుండా ఉంటుంది. నీళ్ళు కాగేకొద్దీ విడిపోయి, అన్నిటికన్నా వేడిగా ఉన్న చోట, అంటే కాయిల్ మీద, పొరలు పొరలుగా పేరుకుంటుంది. నీళ్ళు ఎంత ఎక్కువ వేడెక్కితే అంత తొందరగా పేరుకుంటుంది. ఆ రాతి పొర లోపల ఇరుక్కున్న కాయిల్ తన వేడి బయటికి పోక, తనే మాడిపోతుంది. మూడుసార్లూ మాకు జరిగింది అదే.

ఈసారి మళ్ళీ కాయిల్ వేయించలేదు. మిద్దె మీద సోలార్ హీటరు పెట్టించాం. ఈ నాలుగేళ్ళలో దానితో పడ్డ ఇబ్బందులూ చూశాను, కరెంటు బిల్లులూ దాచి లెక్కలు వేశాను. వాటి మీద నిలబడి చెప్తున్నాను: అనంతపురం లాంటి ఊళ్ళో, సొంత మిద్దె ఉన్న ఇల్లు, స్నానానికి నీళ్ళు కాచుకోవడానికి కరెంటు వాడకూడదు. డబ్బు మిగులుతుంది కాబట్టి అని మాత్రమే కాదు. అంతకన్నా పెద్ద కారణం ఇంకోటి ఉంది, దాని దగ్గరికి వస్తాను. ముందు లెక్క చూద్దాం.

ఒక లీటరు నీళ్ళు ఒక డిగ్రీ వేడెక్కాలంటే ఒక కిలో కేలరీ కావాలి. ఒక కరెంటు యూనిట్‌లో 860 కిలో కేలరీలు ఉంటాయి. చలికాలం పొద్దున కొళాయి నీళ్ళు 25 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. ఒంటికి హాయిగా ఉండాలంటే 42 డిగ్రీలు చాలు. మా ఇంట్లో ఐదుగురం. ఒక్కొక్కరికి 20 లీటర్ల బకెట్టు. 100 లీటర్లు, 17 డిగ్రీలు, మొత్తం 1700 కిలో కేలరీలు. సుమారు రెండు యూనిట్లు. ఇంతకన్నా తక్కువలో ఏ గీజరూ ఈ పని చెయ్యలేదు, ఎన్ని స్టార్లు ఉన్నా సరే.

స్టార్ల గురించి ఇక్కడే చెప్పాలి, చాలామంది పొరబడతారు. ట్యాంకు గీజరు మీద ఉండే స్టార్లు అది నీళ్ళను ఎంత బాగా కాస్తుందో చెప్పవు. కాయిల్‌లోకి వెళ్ళిన కరెంటు అంతా వేడిగానే మారుతుంది, అది పాత గీజరైనా కొత్త గీజరైనా ఒకటే. కాగిన నీళ్ళు వాడకుండా 24 గంటలు ఉంచితే ఎంత వేడి గోడల్లోంచి కారిపోతుందో, స్టార్లు చెప్పేది అది. అంటే ఐదు స్టార్ల గీజరు కొని పొద్దున్నుంచి రాత్రి దాకా స్విచ్ వేసి ఉంచేవాళ్ళకు దాని వల్ల కొంత లాభం. స్నానానికి పావుగంట ముందు వేసి, అవ్వగానే తీసేసేవాళ్ళకు పెద్ద తేడా రాదు. మా బాత్‌రూమ్ బయట ఉన్న స్విచ్ రోజూ ఎవరో ఒకరు మరిచిపోయేవాళ్ళు. ఆ చిన్న ఎర్ర లైటు మధ్యాహ్నం దాకా వెలుగుతూనే ఉండేది.

రోజుకు రెండు యూనిట్లు నెలకు 60. చిన్న సంఖ్యలాగే ఉంది. కానీ మన బిల్లు మెట్లుమెట్లుగా కదా ఉండేది. 2022 ఆగస్టు నుంచి అమలైన రేట్లలో మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1 రూపాయి 90 పైసలు. 126 నుంచి 225 దాకా 6 రూపాయలు. 225 దాటితే 8 రూపాయల 75 పైసలు. లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్ ఎలాగూ తప్పవు కాబట్టి కింది మెట్లు వాటికి పోతాయి. గీజరు యూనిట్లు వెళ్ళి పైమెట్టు మీద కూర్చుంటాయి. అప్పట్లో మా వాడకం నెలకు 260 దగ్గర ఉండేది. అందులోంచి ఆ 60 తీసేస్తే తగ్గేది 450 రూపాయల పైన, సర్దుబాటు చార్జీలు కాకుండానే.

మరి ఏడాదికి ఎంత? కార్తీకం నుంచి మాఘం చివరి దాకా ఇంటిల్లిపాదికీ ఉడుకునీళ్ళు కావాలి. అటూ ఇటూ కలుపుకొని ఐదు నెలలు. మిగతా ఏడు నెలలు మా అత్తమ్మకు మాత్రమే. మోకాళ్ళ నొప్పులు ఆమెకు. ఏప్రిల్, మే నెలల్లో మా ఊళ్ళో ట్యాంకులోంచి వచ్చే నీళ్ళే చెయ్యి పెట్టలేనంత కాగి ఉంటాయి, ఎవరికీ ఏ హీటరూ అక్కర్లేదు. ఇవన్నీ కలిపితే ఏడాదికి మూడు వేల రూపాయలు మిగులుతున్నాయి. సోలార్ హీటరుకు మేము పెట్టింది స్టాండు, పైపులు, కూలీతో కలిపి 24 వేలు. అంటే ఎనిమిదేళ్ళు. అమ్మినాయన "రెండేళ్ళలో మీ డబ్బు మీకొచ్చేస్తుంది మేడమ్" అన్నాడు. ఎనిమిదేళ్ళని నిజం చెప్పి ఉంటే నాకు ఇంకా నచ్చేది. కాల్చుకున్న కాయిళ్ళ ఖర్చు కలిపితే ఇంకో ఏడాది తగ్గుతుందేమో. బాగా చూసుకుంటే ట్యాంకు పన్నెండు, పదిహేనేళ్ళు వస్తుంది. నష్టమేమీ లేదు. కానీ డబ్బు ఒక్కటే చూసేవాళ్ళను ఈ లెక్కతో ఒప్పించడం కష్టమని నాకు తెలుసు. రోజూ యాభై మంది స్నానం చేసే హాస్టలు యజమానికి చెప్పండి, ఆయన లెక్క వేరు. ఆయనకు చాలా ముందే గిట్టుబాటవుతుంది.

ఇప్పుడు ఆ పెద్ద కారణం.

మన జిల్లాల్లో ఎండకు కొరత లేదు. వానే తక్కువ. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో అనంతపురం పేరు చిన్నప్పటి నుంచీ వింటున్నాం. మనకు కరువు తెచ్చిన ఆ మబ్బులేని ఆకాశమే ఇప్పుడు కరెంటుకు ఆస్తి అయ్యింది. కర్నూలు దగ్గర గని, శకునాల ఊళ్ళ మధ్య 1000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయింది. ఇటు నంబులపూలకుంటలో ఇంకోటి ఉంది. రామగిరి కొండల మీద గాలిమరలు నేను చదువుకునే రోజుల నుంచీ తిరుగుతున్నాయి. అందుకే మావాళ్ళు చాలామంది అంటుంటారు, మన దగ్గర కరెంటంతా ఎండ నుంచే కదా వచ్చేది, గీజరు వేసుకుంటే తప్పేముందని.

తప్పు గీజరు వేసే సమయంలో ఉంది. గీజర్లు ఎప్పుడు వేస్తాం? తెల్లారుజాము ఐదున్నర నుంచి ఎనిమిది లోపల. డిసెంబరులో ఆ సమయానికి సోలార్ పార్కులు ఇంకా నిద్ర లేవవు. గాలిమరలు కూడా ఆషాఢ శ్రావణాల్లో తిరిగినంత జోరుగా మార్గశిరంలో తిరగవు. ఆ రెండు మూడు గంటలు ఊరంతా ఒక్కసారి స్విచ్ వేస్తే ఆ బరువు మోసేది ఎక్కువగా బొగ్గు. మనకు దగ్గర్లో ముద్దనూరు వైపు కలమల్ల దగ్గర ఉన్న రాయలసీమ థర్మల్ ప్లాంటు సంగతే తీసుకోండి. 210 మెగావాట్ల యంత్రాలు ఐదు, 600 మెగావాట్లది ఒకటి. దానికి సింగరేణి బొగ్గు వందల కిలోమీటర్లు రైల్లో రావాలి. ఆ బొగ్గు మండించి నీళ్ళు మరిగిస్తారు, ఆవిరి చేస్తారు, ఆ ఆవిరితో టర్బైను తిప్పుతారు. బొగ్గులోని వేడిలో సుమారు మూడింట ఒక వంతే కరెంటవుతుంది, మిగతా రెండు వంతులు అక్కడే గాలిలో, నీళ్ళలో కలిసిపోతాయి. ఆ ఒక వంతు తీగల వెంబడి మన ఇంటికొచ్చాక మనం దానితో ఏం చేస్తున్నాం? మళ్ళీ నీళ్ళు కాచుకుంటున్నాం. అక్కడ వెయ్యి డిగ్రీల మంట పెట్టి నీళ్ళు కాస్తే, ఇక్కడ 42 డిగ్రీల బకెట్టు తయారైంది. ఇది నాకు మొదటిసారి తట్టినప్పుడు నిజంగా బాధేసింది. కరెంటు మోటారు తిప్పగలదు, ఫ్రిజ్ నడపగలదు, రాత్రిపూట పిల్లలు చదువుకోవడానికి వెలుగివ్వగలదు. అంత విలువైనదాన్ని, ఎండలో గంగాళం పెడితే జరిగే పనికి తగలేస్తున్నాం.

గంగాళం మాట మా అత్తమ్మది. మొదట్లో సోలార్ అంటే ఆమె ఒప్పుకోలేదు. "ఎండకు కాగిన నీళ్ళు నా మోకాళ్ళకు ఏం ఆనుతాయమ్మా, కట్టెల పొయ్యి మీద కాగిన నీళ్ళ గుణం వేరు" అంది. తర్వాత ఒకరోజు తనే గుర్తు చేసుకుంది. ఆమె పుట్టినూరు ఉరవకొండ దగ్గర. పసిబిడ్డలకు స్నానం చేయించాలంటే పొద్దున్నే వాకిట్లో రాగి గంగాళం నిండా నీళ్ళు పోసి ఎండలో పెట్టేవాళ్ళట. పది గంటలకల్లా నులివెచ్చగా అయ్యేవట. పెద్దవాళ్ళకు మాత్రం పెరట్లో కాగు, దాని కింద సర్కారు కంప. ఆ కంప కొట్టుకొచ్చి, ముళ్ళు గుచ్చుకొని, నాలుగు గంటలకు లేచి పొయ్యి ఊదింది ఇంట్లో ఆడవాళ్ళే. నీళ్ళు కాచడం అంటే ఆమెకు ముందుగా గుర్తొచ్చేది కళ్ళలో పొగ. "బిడ్డలకు ఎండ, మాకు పొగ" అని నవ్వింది. ఆ తర్వాత ఇక అడ్డు చెప్పలేదు.

మిద్దె మీద హీటరు చేసేది ఆ గంగాళం పనే, కాకపోతే వేడి తెల్లారేదాకా దాచిపెడుతుంది. కింద వాలుగా గాజు గొట్టాలు, పైన అడ్డంగా ట్యాంకు. ఒక్కో గొట్టం నిజానికి రెండు గొట్టాలు, ఒకదానిలో ఒకటి, మధ్యలో గాలి తీసేసి ఉంటుంది, థర్మాస్ ఫ్లాస్కులో ఉన్నట్టు. లోపలి గొట్టానికి నల్లటి పూత. ఎండ లోపలికి వెళ్తుంది, వేడి బయటికి రాదు. వేడెక్కిన నీళ్ళు తేలికై పైకి ట్యాంకులోకి వెళ్తాయి, చల్లవి బరువై కిందికి దిగుతాయి. మోటారు లేదు, కరెంటు లేదు. ట్యాంకు చుట్టూ రెండంగుళాల మందాన ఫోమ్ ఉంటుంది కాబట్టి సాయంత్రం 58 డిగ్రీలున్న నీళ్ళు తెల్లారేసరికి నాలుగైదు డిగ్రీలే తగ్గుతాయి. థర్మామీటరు పెట్టి చాలాసార్లు చూశాను. పొద్దున ఐదింటికి అత్తమ్మ పోసుకునే నీళ్ళలో ఉన్నది నిన్నటి ఎండ. పాణ్యం దగ్గర పిన్నాపురంలో పగటి కరెంటుతో నీళ్ళు కొండ మీదికి ఎత్తి, కరెంటు కావాల్సినప్పుడు కిందికి వదిలే ప్రాజెక్టు కట్టారు. ఎండను దాచుకోవడానికి అంత శ్రమ పడాల్సి వస్తోంది. స్నానాల వరకు ఆ దాచుకోవడం ఏదో మన మిద్దె మీద 100 లీటర్ల డబ్బాలో ఐపోతుంది.

ఇంకో వాదన ఈ మధ్య ఎక్కువగా వింటున్నాను. మిద్దె మీద కరెంటు ప్యానెళ్ళు పెట్టించుకునేవాళ్ళకు 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం మొదలైంది. 2 కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు 30 వేల చొప్పున, 3 కిలోవాట్లకు 78 వేల రూపాయలు సబ్సిడీ ఇస్తున్నారు. మంచి పథకం, మా వీధిలోనే మూడు ఇళ్ళు పెట్టించుకున్నాయి. వాళ్ళంటారు, మా ప్యానెళ్ళ కరెంటు మాకే సరిపోతోంది, ఇక గీజరు ఎంతసేపు వేసుకుంటే ఏం అని. ప్యానెల్ తన మీద పడ్డ ఎండలో ఐదో వంతును కరెంటుగా మారుస్తుంది. నీళ్ళు కాచే గొట్టాలు సగం, అంతకన్నా ఎక్కువే పట్టుకుంటాయి. 3 కిలోవాట్ల ప్యానెళ్ళకు సుమారు 300 చదరపు అడుగుల మిద్దె కావాలి, 100 లీటర్ల హీటరు ఒక మంచమంత చోటులో కూర్చుంటుంది. ఇక అసలు సంగతి, మధ్యాహ్నం మన ప్యానెల్ లైనులోకి పంపిన కరెంటు పొద్దున్నే గీజరు కోసం ఎక్కడా కాచుకొని ఉండదు. మీటరు మాత్రం ఇచ్చిందీ తీసుకుందీ చెల్లుకు చెల్లు అని రాస్తుంది. కలమల్లలో మండే బొగ్గుకు ఆ చెల్లు తెలియదు కదా. ప్యానెళ్ళు పెట్టించుకున్నవాళ్ళు కనీసం గీజరుకు టైమరు బిగించుకొని మధ్యాహ్నం ఒంటిగంటకు కాచుకోండి. సాయంత్రం స్నానాలకు ఆ వేడి మిగిలి ఉంటుంది.

వాళ్ళకు ఇంకా మంచి దారి హీట్ పంపు. మన ఊళ్ళలో ఇంకా అరుదు. ఫ్రిజ్‌ను తిరగేసి వాడినట్టు ఉంటుంది. ఫ్రిజ్ లోపలి వేడిని లాగి వెనక గోడ వైపు వదులుతుంది కదా, ఇది బయటి గాలిలోని వేడిని లాగి ట్యాంకులోని నీళ్ళలో వదులుతుంది. ఒక యూనిట్ కరెంటుకు సుమారు మూడు యూనిట్ల వేడి వస్తుంది. చలిదేశాల్లో గాలి గడ్డకట్టే రోజుల్లో దీనికి కష్టం కానీ, మన గాలిలో వేడికేం తక్కువ? అపార్ట్‌మెంట్లలో ఉండి, మిద్దె మీద తమదంటూ చోటు లేనివాళ్ళకు నేను సోలార్ హీటరు చెప్పను, ఇదే చెప్తాను. కాకపోతే 200 లీటర్లది లక్ష రూపాయల దగ్గర పలుకుతోంది. బాగు చేసేవాళ్ళు మన దగ్గర ఇంకా తక్కువ.

అద్దె ఇళ్ళవాళ్ళ సంగతి నాకు బాగా తెలుసు, మేమూ పదకొండేళ్ళు అద్దెకున్నాం. వాళ్ళు మిద్దె మీద ఏమీ పెట్టుకోలేరు. చిన్న గీజరు పెట్టుకోండి, వేడి 60 డిగ్రీలు దాటకుండా తిప్పుకోండి, రాయి తక్కువ పడుతుంది. షవరు వదిలి బకెట్టుకు మారితే దానికి మించిన ఆదా లేదు. షవరు కింద నిలబడితే నిమిషానికి ఎనిమిది, పది లీటర్లు పోతాయి. ఇక ఇమ్మర్షన్ రాడ్. నిజం చెప్పాలంటే కరెంటు లెక్కలో అది గీజరుకన్నా చెడ్డదేమీ కాదు, వేడంతా బకెట్టులోనే ఉంటుంది. కానీ ప్రతి చలికాలం, కాగాయో లేదో అని చెయ్యి పెట్టి చూసి ప్రాణం పోగొట్టుకున్నవాళ్ళ వార్త చదువుతూనే ఉంటాం. స్విచ్ తీసి, ప్లగ్ కూడా పీకిన తర్వాతే నీళ్ళు ముట్టుకోవాలి. పిల్లలున్న ఇంట్లో అది వద్దే వద్దు. గ్యాస్ గీజరు మూసిన బాత్‌రూమ్‌లో అంతకన్నా ప్రమాదం. దాని మంట గదిలోని ఆక్సిజన్ తినేసి కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది, ఆ వాయువుకు రంగూ వాసనా ఉండవు. గీజరు బాత్‌రూమ్ బయట ఉండాలి, లేకపోతే అసలు ఉండకూడదు.

మా హీటరు తెచ్చిన ఇబ్బందులు కూడా చెప్పాలి. బిగించిన వాళ్ళు వేడినీళ్ళ పైపుకు తొడుగు వెయ్యలేదు. మిద్దె మీంచి బాత్‌రూమ్ దాకా పదిహేను మీటర్ల పైపు, ముప్పావు అంగుళం వెడల్పు. అందులో రాత్రంతా నిలిచి చల్లారిన నీళ్ళు నాలుగైదు లీటర్లు. కొళాయి తిప్పగానే ముందు అవి వస్తాయి. అనంతపురంలో పొద్దున్నే ఐదు లీటర్ల నీళ్ళు మోరీలోకి వదలడం చూస్తే నా మనసు ఒప్పలేదు. ఇప్పుడు కొళాయి కింద ముందు ఒక చిన్న బకెట్టు పెడతాం, అవి తులసికోటకూ కరివేపాకు చెట్టుకూ పోతాయి. పైపుకు నల్ల ఫోమ్ తొడుగు తర్వాత మేమే కొని వేయించాం.

మొదటి ఏడాది మాఘంలో బోరు మోటారు కాలిపోయింది. రెండు రోజులు నీళ్ళు లేవు. ఉన్నవాటిని వాడేసుకొని సోలార్ ట్యాంకు ఖాళీ చేశాం. మూడోనాడు మధ్యాహ్నం ఒంటిగంటకు మోటారు బాగై నీళ్ళు ఎక్కాయి. మిద్దె మీద 'ఫట్' మని ఒకటి, వెంటనే ఇంకోటి. వెళ్ళి చూస్తే రెండు గొట్టాలు ముక్కలై పడున్నాయి. నీళ్ళు లేని గొట్టం ఎండలో 200 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, దాని మీద చల్లటి నీళ్ళు పడితే గాజు ఆగదు. సైన్సు చెప్పే నాకు ఈ సంగతి ముందే తట్టి ఉండాల్సింది. బిగించేటప్పుడు ఒక్క మాట ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. అందుకే ఇప్పుడు నేను అందరికీ చెప్తున్నాను: ట్యాంకు ఖాళీ అయితే పొద్దుగుంకాక గానీ, తెల్లారుజామున గానీ మళ్ళీ నింపాలి. ఎండలో వద్దు.

రాయి సంగతి? రాయి ఇక్కడా పడుతుంది, నీళ్ళు అవే కదా. కానీ లోపలి గొట్టం నాలుగున్నర సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది, అంత తొందరగా పూడుకుపోదు. అడుగున బురదలాగా చేరుతుంది. ఏడాదికి ఒకసారి, దసరా ముందు, గొట్టాలు తీసి నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళతో కడిగిస్తాం. ఇంకో రకం ఉంది, రేకు పలకల కింద సన్నటి రాగి గొట్టాలు ఉండేది. అది గట్టిది, రాళ్ళు పడ్డా గాజు గొట్టాల్లాగా పగిలిపోదు. కొళాయిలో మంచి నీళ్ళు వచ్చే ఇళ్ళకు అదే మేలు. బోరు నీళ్ళు నేరుగా పోస్తే మాత్రం ఆ అర అంగుళం గొట్టాలు మూసుకుపోతాయి. బోరు ఇంటికి ఏది పెట్టాలని అడిగితే నా సమాధానం గాజు గొట్టాలే. ట్యాంకు లోపల మెగ్నీషియం కడ్డీ ఉందో లేదో అడగండి. ట్యాంకును తుప్పు తినకుండా, ముందు తనను తిననిస్తుంది ఆ కడ్డీ. రెండు మూడేళ్ళకోసారి మార్చాలి. ఈ విషయం కూడా మాకు ఎవరూ చెప్పలేదు.

ఇంకో మాట అమ్మేవాళ్ళ గురించే. ఐదుగురు మనుషులంటే 200 లీటర్లు కావాలంటారు. అక్కర్లేదు. ట్యాంకులో నీళ్ళు 55 డిగ్రీలు ఉంటాయి, మనకు కావాల్సింది 42. చన్నీళ్ళు కలుపుకుంటే 100 లీటర్లు 170 లీటర్లకు పైనే అవుతాయి. ఎనిమిది బకెట్లు. దక్షిణం వైపు, నీడ పడని చోట, చలికాలపు ఎండ కోసం 25, 30 డిగ్రీల వాలులో పెడితే చాలు. ట్యాంకులో కరెంటు కాయిల్ కూడా పెట్టిస్తామంటారు. పెట్టించుకుంటే దాని స్విచ్ ఎవరికీ అందకుండా చూసుకోండి. ఎండ రావాల్సిన రోజున కూడా అది వేసి ఉంచితే, మిద్దె మీద ఉన్నది ఉత్త కరెంటు గీజరే. తుపాను ముసురు పట్టిన రోజులు మనకు ఏడాదిలో ఎన్ని? ఆ నాలుగు రోజులు మేము స్టవ్ మీద ఒక గిన్నె కాచుకుంటాం.

పక్క రాష్ట్రం కర్ణాటకలో సోలార్ హీటరు ఉన్న ఇంటికి కరెంటు బిల్లులో యూనిట్‌కు 50 పైసల చొప్పున, నెలకు 50 రూపాయల దాకా తగ్గించేవాళ్ళు. చిన్న మొత్తమే. అయినా బెంగళూరు వెళ్ళినప్పుడు మిద్దెలన్నీ చూడండి, వరుసగా ట్యాంకులే. వాళ్ళకన్నా ఎండ ఎక్కువ మనకు. మన దగ్గర కొత్త ఇల్లు కట్టేవాళ్ళు ముఖద్వారానికి లక్ష పెడతారు, వేడినీళ్ళకు వేరే పైపు మాత్రం వెయ్యరు. కట్టేటప్పుడు ఆ పైపు ఖర్చు కొన్ని వేలు. తర్వాత కావాలంటే టైల్స్ పగలగొట్టాలి. నిజానికి మా వీధిలో సోలార్ వద్దన్న ఇళ్ళు ఎక్కువగా ఆ పగలగొట్టుడు భయంతోనే వద్దన్నాయి.

మా ఎదురింటి వాళ్ళు పై అంతస్తు వేస్తున్నారు. వచ్చే గురువారం స్లాబు. నిన్న సాయంత్రం మేస్త్రీతో మాట్లాడి, దక్షిణపు గోడ మీద నేనే సుద్దముక్కతో గీత గీసొచ్చాను, వేడినీళ్ళ పైపు ఎక్కడ దిగాలో. ఆ ఇంటావిడ "దేనికి అక్కా, మాకు గీజరు ఉంది కదా" అంది. "గీజరు ఉండనీ. పైపు మాత్రం వేయించమ్మా" అన్నాను. సరేనంది. గురువారం పొద్దున్నే, కాంక్రీటు పడక ముందు, ఇంకోసారి వెళ్ళి చూసుకోవాలి.